ఆంధ్రలో ఒక చెక్క, ఒడిశాలో ఒక చెక్క: కుటుంబ ఆస్తికి ఏ కాగితం ఎప్పుడు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే పావుగంటలో ఆంధ్రలోని పాతపట్నం. ఈ పావుగంటలో రాష్ట్రం మారుతుంది, హైకోర్టు మారుతుంది, పట్టా మీద లిపి మారుతుంది. అటు పిల్లనిచ్చి ఇటు పిల్లని తెచ్చుకునే మా కుటుంబాలకు ఆ సంగతి రోజూ గుర్తుండదు. ఆస్తి పంచుకునే రోజున మాత్రం గుర్తుకొస్తుంది.

నేను పర్లాకిమిడిలో ఒక ప్లీడరు గారి దగ్గర ఇరవై రెండేళ్లుగా గుమస్తాగా ఉన్నాను. మొన్న ఆషాఢంలో ఇద్దరన్నదమ్ములు వచ్చారు. పెద్దతను ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసి, మడతల దగ్గర చిరగకుండా బల్ల మీద మెల్లగా పరిచాడు. 1998 నాటి పారీఖత్తు, అంటే పంపకం కాగితం. తెల్ల కాగితం మీద తెలుగులో గుండ్రటి దస్తూరీ, వాళ్ల చిన్నాన్న రాసిందట. కింద అన్నదమ్ముల సంతకాలు, ముగ్గురు పెద్దల వేలిముద్రలు, ఓ మూల రెవెన్యూ స్టాంపు. పాతపట్నం వైపు 3 ఎకరాలు, ఒడిశాలో కాశీనగర్ వైపు 2 ఎకరాల 40 డెసిమిల్, ఒక పెంకుటిల్లు. నాన్న పేరు మీదే ఉన్నాయి అన్నీ ఇంకా. అమ్మ కూడా పోయింది.

"ఇది చూపించి కాశీనగర్ చెక్క అమ్మేద్దామండి" అన్నాడు.

"అక్కచెల్లెళ్లు ఉన్నారా?"

"ఇద్దరున్నారండి. వాళ్లకి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా."

ఆ కాగితం ఎందుకు చెల్లదో, దాని బదులు ఏమేం చేయొచ్చో ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా హిందూ కుటుంబాల గురించి. క్రైస్తవులకు, ముస్లింలకు వారసత్వ చట్టాలు వేరు.

ముందు జాబితా రాయండి

మా దగ్గరకు వచ్చేవాళ్లు మొదట అడిగేది "వీలునామా మంచిదా, గిఫ్టు డీడ్ మంచిదా" అని. ఏ చెక్క ఎటు వైపుందో, ఎవరి పేరున ఉందో, ఆ పేరున్న మనిషికి అది ఎలా వచ్చిందో తెలియకుండా దానికి జవాబు లేదు. ఒక నోటు పుస్తకంలో మధ్యన గీత గీసి ఎడమ పక్క ఆంధ్ర, కుడి పక్క ఒడిశా అని రాయండి. ఆంధ్ర వైపు సర్వే నంబరు, రీసర్వే అయిన ఊళ్లో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు. ఒడిశా వైపు మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, కిసమ్ (నేల రకం). ఒడిశా పట్టా భూలేఖ్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు, ఆంధ్రది మీభూమి వెబ్‌సైట్లో.

కొలతల దగ్గర జాగ్రత్త. సెంటన్నా డెసిమిల్ అన్నా ఒకటే, ఎకరంలో నూరో వంతు. కానీ ఒడిశాలో గుంఠ అంటే 4 డెసిమిల్, ఎకరానికి 25. తెలంగాణలో, మహారాష్ట్రలో గుంట అంటే రెండున్నర సెంట్లు, ఎకరానికి 40. హైదరాబాదులో స్థిరపడిన బావగారు "పది గుంటలు అక్కకివ్వండి" అని ఫోన్లో ఒప్పుకుంటే, అవి ఎవరి గుంటలో కాగితం మీద డెసిమిల్‌లో రాయించండి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు, దీని మీద మాటా మాటా అనుకున్న వియ్యంకులను చూశాను.

జాబితాలో మూడో గడి, ఆ ఆస్తి ఎలా వచ్చిందో. నాన్న తన సంపాదనతో కొన్నదైతే స్వార్జితం. బతికున్నంత కాలం ఆయనిష్టం, కొడుకైనా కూతురైనా "నా వాటా" అని అడగలేరు. తాతముత్తాతల నుంచి కుటుంబంలో కలిసి నడిచినదైతే పిత్రార్జితం, అందులో పుట్టుకతో హక్కు. చాలామంది తప్పు పడేది వీటి మధ్యన. తాత స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత 8వ సెక్షన్ కింద నాన్నకు వస్తే అది నాన్న సొంతమే, మనవలకు పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది. "తాత భూమి కాబట్టి నాకూ ఉంది" అని దావాకు వచ్చేవాళ్లలో సగం మందికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఆడపిల్లల సంగతి

ఇది తేలకుండా మిగతాది మాట్లాడటం దండగ.

నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలోనూ, ఆయన వాటాలోనూ కొడుకు, కూతురు, భార్య, తల్లి అందరికీ సమానం. ఇది 1956 నుంచీ ఉన్నదే. పిత్రార్జితంలో పుట్టుక హక్కు మాత్రం చాలా కాలం మగపిల్లలదే. ఆంధ్ర తన సవరణతో 1985 నుంచి, మహారాష్ట్ర 1994 నుంచి ఆడపిల్లలకూ ఇచ్చాయి. అయితే అప్పటికి పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. ఒడిశాలో అలాంటి సవరణ రాలేదు. ఒకే నాన్న కూతురికి గట్టు అవతల ఒక న్యాయం, ఇవతల ఒక న్యాయం నడిచిన రోజులవి. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానం. ఆ తేదీకి నాన్న బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మినహాయింపు ఒకటే. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకమో, అమ్మకమో, వీలునామా మీద బదిలీయో అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడరు. కానీ పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు, లేదా కోర్టు డిక్రీ అని చట్టంలోనే రాసి ఉంది. నోటి పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల బలం గట్టిగా ఉంటే తప్ప కోర్టు నమ్మదు. మా అన్నదమ్ముల 1998 కాగితం తేదీ ప్రకారం ముందుదే. రిజిస్టరు కాలేదు, పట్టా మారలేదు, అక్కచెల్లెళ్ల సంతకాలు లేవు.

"పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాటకు కూడా బలం తక్కువ. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా చెల్లిపోయినట్టు కాదు. నాన్న బతికుండగా కూతురి చేత "మీ తర్వాత నాకేమీ వద్దు" అని రాయించుకున్నా, ఇంకా చేతికి రాని వారసత్వాన్ని వదులుకోవడం సాధారణంగా చెల్లదు. పసుపు కుంకుమ కింద పొలం ఇస్తే దాన్నీ రిజిస్టరు చేయించండి. ఇచ్చిన పుణ్యమూ పుచ్చుకున్న హక్కూ రెండూ నిలుస్తాయి.

పెద్దలు బతికుండగా: వీలునామానా, దానపత్రమా

సరిహద్దు కుటుంబాలకు నా మొగ్గు వీలునామా వైపే. ఎందుకో చెబుతాను.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, దస్తావేజును భూమి ఉన్న చోటి సబ్ రిజిస్ట్రారు దగ్గరే రిజిస్టరు చేయాలన్న నిబంధన వీలునామాకు లేదు. అటు 3 ఎకరాలు, ఇటు 2 ఎకరాలు, బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురంలో కొట్టు, అన్నీ ఒకే వీలునామాలో రాసి దగ్గరున్న ఆఫీసులో రిజిస్టరు చేయించవచ్చు. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. పిత్రార్జితంలో తన వాటాను కూడా వీలునామాలో ఇవ్వొచ్చు, మొత్తం ఉమ్మడి ఆస్తిని మాత్రం కాదు.

సాక్షులు ఇద్దరుండాలి. రాసిన ఆయన ఎదుట సంతకం చేయాలి. రేపు కోర్టులో వీలునామా రుజువు కావాలంటే బతికున్న సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకే డెబ్బై ఏళ్ల స్నేహితుల సంతకాలు తీసుకోకండి. నలభై ఏళ్ల లోపు ఇద్దరిని, ఊళ్లోనే ఉండేవాళ్లను చూడండి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లను సాక్షులుగా పెట్టకండి. వయసు మీద పడ్డాక రాస్తే అదే రోజు డాక్టరు దగ్గర మతిస్థిమితం సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి. ఏ బిడ్డకైనా తక్కువ రాస్తే ఎందుకు తక్కువో ఒక వాక్యం రాయించండి. "చిన్నవాడికి చదువుకు ఇంత ఖర్చు పెట్టాను గనక" అన్న ఒక్క వాక్యం తర్వాత పదేళ్ల దావాను తప్పిస్తుంది.

వీలునామా తప్పక రాయాల్సినవాళ్లు ఇంకొకరున్నారు. పిల్లలు లేని వితంతువు. ఆమె తన జీతంతో కొనుక్కున్న ఇల్లు, ఆమె వీలునామా లేకుండా పోతే ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. కన్నవాళ్లు, తోబుట్టువులు ఆ తర్వాతే. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రం పుట్టింటి వైపు తిరిగి వెళుతుంది. జీవితమంతా ముఖం చూడని మరిది కొడుకు చేతికి ఇంటి తాళాలు పోవడం నేను కళ్లారా చూశాను. రెండు పేజీల కాగితం రాసి ఉంటే పోయేది కాదు.

దానపత్రం, ఆంధ్రలో సెటిల్‌మెంట్ అంటారు, ఒడిశాలో గిఫ్ట్ డీడ్ అంటారు. ఇది సంతకం పెట్టి రిజిస్టరైన రోజే ఇచ్చినట్టు. పుచ్చుకునేవారు ఇచ్చేవారు బతికుండగానే ఒప్పుకోవాలి. స్టాంపు డ్యూటీ ఉంటుంది, రేటు రాష్ట్రానికో తీరు, ఆ రోజు రేటు ఆ ఆఫీసులోనే అడగండి. ఏ వైపు భూమికి ఆ వైపు వేరుగా రాయించుకోవడం మేలు. దీనిలో లాభం ఏంటంటే తర్వాత "ఆయనకు తెలివి లేదు, బలవంతంగా రాయించారు" అనే దావాలు తక్కువ, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కూడా వెంటనే. నష్టం, ఇచ్చాక ఊరికే వెనక్కి తీసుకోలేరు.

ఇక్కడే ముసలివాళ్లు దెబ్బతింటున్నారు. కొడుకు పేరున రాసేశాక కోడలు పీట కూడా వేయని ఇళ్లున్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటానన్న షరతు మీద ఇచ్చి, వాళ్లు చూసుకోకపోతే దానాన్ని రద్దు చేయించవచ్చు. ఆంధ్రలో ఆర్డీవో దగ్గర, ఒడిశాలో సబ్ కలెక్టరు దగ్గర ట్రైబ్యునల్. షరతు ఉందని చూపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టాన్ని ముసలివాళ్ల పక్షాన చదవాలని, ట్రైబ్యునల్ స్వాధీనం కూడా తిరిగి ఇప్పించవచ్చని చెప్పింది. మీరు దానపత్రమే రాయించాలనుకుంటే "నన్నూ నా భార్యనూ జీవితాంతం తిండి, వైద్యం చూసుకునే షరతు మీద" అన్న మాట అందులో ఉండి తీరాలి. "అలా రాస్తే అబ్బాయి నొచ్చుకుంటాడండి" అంటారు. నొచ్చుకునే అబ్బాయికైతే మరీ రాయించండి.

పెద్దలు పోయాక, అందరూ ఒప్పుకుంటే

ఇది అన్నిటికన్నా మంచి పరిస్థితి, చాలామంది అనవసరంగా చెడగొట్టుకునేదీ ఇదే.

తెల్ల కాగితం పారీఖత్తుకు ఒకప్పుడు మా ఊళ్లలో బాగానే విలువుండేది. 1936 వరకు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. మా ఇంట్లో కూడా ముత్తాతల నాటి దస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి. హిందూ కుటుంబంలో నోటి పంపకం చేసుకుని, తర్వాత గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కోర్టులు అన్న మాట నిజమే. అందుకే ఆంధ్ర వైపు వాళ్లు "పారీఖత్తు ఉంది చాలు" అనుకుంటారు. కానీ ఒడిశా వైపు భూమికి ఇక్కడి చట్టం వేరుగా ఉంది. ఒడిశా భూసంస్కరణల చట్టం 1960, 19వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి రైతుల మధ్య పంపకానికి మూడే దార్లు. రిజిస్టరైన దస్తావేజు, కోర్టు డిక్రీ, లేదా అందరి సమ్మతి మీద రెవెన్యూ అధికారి ఉత్తర్వు. పారీఖత్తు ఈ మూడింట్లో లేదు. పాతపట్నంలో ఎలాగో నెట్టుకొచ్చే కాగితం కాశీనగర్‌లో బల్ల దగ్గరే ఆగిపోతుంది.

మూడోదారి మావాళ్లకు ఎక్కువగా తెలియదు. తహసీల్దారు ఆఫీసులో "నైన్‌టీన్ వన్ సీ", అంటే ఆ 19వ సెక్షన్‌లోని 1(సి), అని అడిగితే వెంటనే అర్థమవుతుంది. వాటాదారులంతా పంపకం జాబితా ఒప్పుకుని దరఖాస్తు పెడతారు. ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చి చూసి నివేదిక ఇస్తాడు. తహసీల్దారు ఉత్తర్వు ఇచ్చాక ఎవరి పేరున వాళ్లకు వేరు పట్టాలు వస్తాయి. పొలాలు మాత్రమే ఉండి, అందరూ ఊళ్లో ఉండి, ఎవరికీ అభ్యంతరం లేకపోతే దీనికి మించింది లేదు. ఒక్కరు అడ్డం తిరిగినా ఈ దారి మూసుకుపోయినట్టే. ఆంధ్ర భూమిని ఇందులో కలపడానికి కుదరదు.

ఇళ్లు, స్థలాలు, కొట్లు, డబ్బు సర్దుబాట్లు ఉంటే రిజిస్టరు భాగపత్రమే మంచిది. స్టాంపు డ్యూటీ మొత్తం ఆస్తి మీద పడదు. అన్నిటికన్నా పెద్ద వాటాను పక్కన పెట్టి, విడిపోయే మిగతా వాటాల విలువ మీద లెక్కగడతారు. ఇది తెలియక "లక్షలవుతుంది" అని భయపడి వాయిదా వేసినవాళ్లు చాలామంది. రెండు వైపులా ఆస్తి ఉంటే రెండు భాగపత్రాలు, రెండు ఆఫీసులు. ఒకదాంట్లో ఎవరికి తక్కువ వచ్చిందో రెండోదాంట్లో ఎక్కువ వచ్చిందని రెండిట్లోనూ ఒక వాక్యం ఉండాలి. లేకపోతే పదేళ్ల తర్వాత ఒడిశా కాగితం మాత్రమే పట్టుకుని "నాకు అన్యాయం జరిగింది" అనే మనవడు బయల్దేరతాడు.

భాష సంగతి. జిల్లాలో వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే అనువాదం జతచేయకుండా రిజిస్టరు చేయరు. ఒడిశా వైపు ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించడమే మేలు. కానీ ఏం రాశారో తెలుగులో ఒకసారి చదివించుకున్నాకే సంతకం పెట్టండి. పాత తెలుగు పారీఖత్తు రుజువుగా చూపించాలన్నా ఒడియా అనువాదం కావాలి.

గంజాం వైపు కుటుంబాల్లో ఎవరో ఒకరు సూరత్‌లో ఉండనే ఉంటారు. ఆయన రాలేకపోతే అక్కడి రిజిస్ట్రారు ఎదుట ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించమనండి. వట్టి నోటరీ స్టాంపుతో వచ్చింది ఇక్కడ తిప్పి పంపితే ఇంకో మూడు నెలలు పోతాయి.

హక్కు విడుదల పత్రం గురించి ఒక హెచ్చరిక. అక్కో చెల్లో తన వాటా వదులుకుంటానంటే ఇది సులువైన కాగితం. సులువైనదే కాబట్టి ప్రమాదం కూడా. "బ్యాంకు పని, సంతకం పెట్టు" అని చెప్పి పెట్టించిన విడుదల పత్రాలు మా ఆఫీసుకు దావాలై తిరిగొస్తాయి. డబ్బు తీసుకుని వదులుకుంటే ఆ మొత్తం కాగితంలో ఉండాలి, బ్యాంకు ద్వారా వెళ్లాలి. ఆడపిల్లలకు నా మాట ఇది: రాఖీ రోజునో సంక్రాంతి రోజునో సంతకం పెట్టకండి. మరుసటి వారం పెట్టండి. అప్పటికీ మీ మనసు అదే అయితే పెట్టండి.

వాటా బయటివాళ్లకు అమ్మాలనుకుంటే, హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం తోటి వారసులకు ముందుగా కొనే హక్కు ఉంది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లెలు అమ్మేస్తుందని భయపడే అన్నలు ఆమెను వాటాలేకుండా చేయనక్కర్లేదు, ధర కట్టి కొనుక్కోవచ్చు.

ఒప్పుకోకపోతే

ముందు లోక్ అదాలత్. జిల్లా, తాలూకా లీగల్ సర్వీసుల ఆఫీసులో దరఖాస్తు పెడితే దావా వేయకముందే పిలిపిస్తారు. అక్కడ రాజీ అయితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత ప్లీడరు దొరుకుతాడు. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. అప్పీలు లేదన్నది మంచీ చెడ్డా రెండూ. తొందరపడి ఒప్పుకుంటే అంతే సంగతులు.

దావా వేస్తే, భూములు రెండు రాష్ట్రాల్లో ఉన్నా ఏదో ఒక చెక్క ఉన్న చోట వేయొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ అవకాశమిస్తుంది. పాతపట్నంలో వేయాలా పర్లాకిమిడిలో వేయాలా అంటే, పెద్ద చెక్క ఎటు ఉందో, సాక్షులు ఎటు ఉన్నారో, ముఖ్యంగా మీ కాగితాలు ఏ భాషలో ఉన్నాయో చూడండి. తెలుగు దస్తావేజుల కట్ట పట్టుకుని ఒడిశా కోర్టులో వేస్తే ప్రతి పేజీకీ అనువాదం ఖర్చు. ముందు ప్రిలిమినరీ డిక్రీలో వాటాలు తేలుస్తారు, తర్వాత కమిషనరు వచ్చి గట్లు వేస్తే ఫైనల్ డిక్రీ. మధ్యలో ఏళ్లు. ఆ మధ్యలోనే కక్షిదారులు పోయి వారసులు ఎక్కుతుంటారు.

ఊరికే కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే, ఖరీదైనది. ఉమ్మడి ఆస్తి నుంచి తనను వెలివేశారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల లోపు దావా వేయాలి. అన్న ఒక్కడే దున్నుకుంటున్నాడన్న మాత్రాన చెల్లెలి హక్కు పోదు. కానీ "నీకేమీ లేదు పో" అని ఆయన బాహాటంగా అన్న రోజు నుంచి గడియారం తిరుగుతుంది.

సర్టిఫికెట్ల గోల

తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్, ఒడిశాలో లీగల్ హెయిర్, ఆంధ్రలో ఫ్యామిలీ మెంబర్, ఎవరెవరు ఉన్నారో చెబుతుంది, వాటా ఇవ్వదు. సక్సెషన్ సర్టిఫికెట్ సివిల్ కోర్టు ఇస్తుంది, బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు, రావలసిన బాకీలకు. భూమికి కాదు. నామినీ డబ్బు తీసుకుని అందరికీ పంచాల్సినవాడే, యజమాని కాదు. మ్యుటేషన్ అయితే పన్ను కట్టే పేరు మారుతుంది, అంతే, హక్కు పుట్టదు.

విడాకుల మాట

ఆస్తి మాటల్లో ఇది ఎప్పుడూ దూరుతుంది కాబట్టి నాలుగు ముక్కలు. పాతపట్నం అమ్మాయిని ఒడిశాలోని గుణుపురం ఇచ్చారనుకోండి. పెళ్లి జరిగిన చోట, చివరగా కలిసున్న చోట, అవతలివారు ఉన్న చోట, లేదా కేసు వేసేది భార్య అయితే ఆమె ఉంటున్న చోట, హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎక్కడైనా వేయొచ్చు. ఆమె పుట్టింటి దగ్గర వేయడమే సుఖం. భర్త గుణుపురంలో ముందే వేసేస్తే, దాన్ని ఆంధ్రకు మార్పించడానికి సుప్రీంకోర్టుకే వెళ్లాలి. రెండు హైకోర్టుల పరిధి కదా. కాబట్టి రాజీ మాటలు సాగుతుండగా ఒక చెవి అటు వేసి ఉంచాలి.

ఇద్దరికీ ఇష్టమైతే పరస్పర సమ్మతి విడాకులే మేలు. ఏడాది విడిగా ఉండాలి, మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి. పరిస్థితిని బట్టి ఆ ఆరు నెలలూ కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో తేలింది. నిందలు మోపుకుంటూ పోట్లాడే విడాకులకు ఇంతని లెక్క చెప్పలేను.

"విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందట కదా" అని అడుగుతారు. అలాంటి చట్టం లేదు. భరణం వస్తుంది, ఆమె నగలూ సామానూ స్త్రీధనం కింద ఆమెవే. పిల్లల హక్కు తండ్రి కుటుంబ ఆస్తిలో అలాగే ఉంటుంది. ఇంకొక సంగతి, డిక్రీ రాకుండా విడిగా ఉన్నంత కాలం ఆమె భార్యే. భర్త వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసురాలు. విడాకులయ్యాక ఆ వారసత్వం లేదు. పుట్టింటికొచ్చిన అక్కకు నాన్న ఆస్తిలో వాటా మాత్రం ఆమె సంసారం ఎలా ఉన్నా ఒకటే.

కొండ వైపు భూములు

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ మొత్తంగానూ, గజపతిలో కొంత భాగమూ షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం 1956 నాటి రెండో రెగ్యులేషన్ కింద కుదరదు. ఆంధ్ర ఏజెన్సీలో 1/70 (1970 నాటి మొదటి రెగ్యులేషన్) ఇంకా గట్టిది. మీ జాబితాలో ఎప్పుడో తాత "కొన్న" కొండ పొలం ఉంటే పంచుకునే ముందు దాని కాగితం ప్లీడరుకు చూపించండి. లేని హక్కును నలుగురు పంచుకుంటే నలుగురికీ తలనొప్పి. గిరిజన కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, వాళ్ల ఆచారం చూస్తారు. ఆచారం అడ్డు చెప్పనప్పుడు ఆడపిల్లలకు సమాన వాటా ఇవ్వాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది.

మా అన్నదమ్ముల సంగతి చెప్పి ఆపుతాను. అక్కచెల్లెళ్లకు కబురు పెట్టారు. పెద్దామె బరంపురం నుంచి, చిన్నామె మెళియాపుట్టి నుంచి వచ్చారు. మొదటి గంట ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. పెద్దామె డబ్బు తీసుకుని హక్కు విడుదల చేస్తానంది. చిన్నామె మాత్రం డబ్బు వద్దంది. పాతపట్నం వైపు బావి పక్కన 20 సెంట్లు తన పేరున కావాలంది, తను నాటిన పనస చెట్టు అందులో ఉందట. పెద్దతను తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడు తలూపాడు. కాశీనగర్ చెక్కకు సమ్మతి మీద తహసీల్దారు దగ్గర దరఖాస్తు పెట్టాం, ఇటు పట్టాలు వచ్చాకే అమ్మకం. పాతపట్నం వైపుకు అక్కడే రిజిస్టరు భాగపత్రం.

ఆ 1998 కాగితాన్ని పెద్దతను మళ్లీ నాలుగు మడతలు పెట్టి "ఇంక దీన్నేం చేయాలండి" అన్నాడు. ఇలా ఇవ్వమని తీసుకున్నాను. ఏ పొలానికి తూర్పున ఎవరి గట్టో, పడమట ఏ కాలువో వాళ్ల చిన్నాన్న అంత వివరంగా ఇంకెక్కడా రాసిలేదు. కొత్త భాగపత్రంలో హద్దులన్నీ అందులోంచే ఎత్తి రాశాను.